ఎగ్జిమా మందుల వల్ల కలిగే ఆందోళన

ఎగ్జిమా చికిత్సలో వాడే కొన్ని మందుల వల్ల రోగిలో కొత్తగా తలెత్తే కంగారు, గుండెదడ, చిరాకు, నిద్రలేమి, చేతుల వణుకు వంటి లక్షణాలను, లేదా అంతకుముందే ఉన్న అలాంటి లక్షణాలు పెరగడాన్ని ఇక్కడ ఆందోళన అంటున్నాం. ఎగ్జిమా చర్మం పొడిబారి, ఎర్రబడి, విపరీతంగా దురదపెట్టే దీర్ఘకాలిక శోథ వ్యాధి. దీని రకాల్లో ప్రధానమైనది అటోపిక్ డెర్మటైటిస్. వాడుకలో దీన్నీ తామర అనేస్తారు గానీ, శిలీంధ్రం వల్ల వలయాకారంగా పాకే తామర వేరే జబ్బు. దాని చికిత్స కూడా వేరు.

అన్ని ఎగ్జిమా మందులకూ ఈ దుష్ఫలితం లేదు. నోటి ద్వారా, సూది ద్వారా ఇచ్చే కార్టికోస్టెరాయిడ్ల విషయంలో ఇది బాగా నిర్ధారణ అయినది. పాతతరం యాంటీహిస్టమిన్ల వల్ల కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, వృద్ధుల్లో కనిపిస్తుంది. వైద్యుడు చెప్పిన మేరకు చర్మంపై రాసుకునే పూతల వల్ల చాలా అరుదు. అందుచేత “ఎగ్జిమా మందుల వల్ల కంగారు వస్తుందా?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఏ మందు, ఎంత మోతాదులో, ఎన్నాళ్ళుగా వాడుతున్నారన్నది ముందు తెలియాలి.

లక్షణాలు, పరిభాష

రోగులు ఈ స్థితిని రకరకాలుగా చెబుతారు: గుండెల్లో దడగా ఉందని, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నామని, ఊరికే కోపం వస్తోందని, ఒళ్ళు అలసినా కన్ను మూతపడటం లేదని. తెలంగాణలో బుగులు, గాబరా అన్న మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. వైద్యుడికి ఈ తేడాలు ముఖ్యం. మందుల దుష్ఫలితాలను నమోదు చేయడానికి అంతర్జాతీయంగా వాడే మెడ్‌డ్రా పదావళిలో నెర్వస్‌నెస్, యాంగ్జైటీ, రెస్ట్‌లెస్‌నెస్, యాజిటేషన్ వేర్వేరు పదాలుగా ఉన్నాయి. లోపలి అలజడితో కాళ్ళను ఒకచోట నిలవనివ్వని అకతీసియా వీటన్నిటికంటే భిన్నమైనది. దాని చికిత్స కూడా వేరు కాబట్టి దాన్ని ఆందోళనగా పొరబడకూడదు.

మందు కరపత్రాల్లో దుష్ఫలితాల పక్కన కనిపించే “సాధారణం”, “అరుదు” వంటి మాటలకు నిర్ణీత అర్థాలున్నాయి. పదిమందిలో కనీసం ఒకరికి వచ్చేది “అతి సాధారణం”. వందమందిలో ఒకరి నుంచి పదిమంది లోపు వస్తే “సాధారణం”. పదివేలమందిలో ఒక్కరికన్నా తక్కువైతే “అత్యంత అరుదు”. జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన అది ప్రతివారికీ వస్తుందని కాదు.

వ్యాధితోనే వచ్చే ఆందోళన

మందు గురించి మాట్లాడే ముందు వ్యాధిని లెక్కలోకి తీసుకోవాలి. ఎగ్జిమా దురద రాత్రిపూట ఎక్కువవుతుంది. నిద్ర చెడుతుంది, పగలు చిరాకు పెరుగుతుంది, మనసు ఒత్తిడికి లోనైతే దురద మరింత హెచ్చుతుంది. ముఖం మీద, చేతుల మీద మచ్చలు కనిపించేవారికి నలుగురిలోకి వెళ్ళడమే కష్టమవుతుంది. పెళ్ళి చూపుల వయసులో ఉన్నవారి మీద, అంట్లు తోమి, బట్టలు ఉతికి చేతులు పగిలి పనిమానాల్సిన స్త్రీల మీద ఈ భారం ఎంతటిదో చర్మవైద్యుల దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. అటోపిక్ డెర్మటైటిస్ ఉన్న పెద్దల్లో ఆందోళన, కుంగుబాటు మిగతావారికన్నా ఎక్కువని పలు దేశాల అధ్యయనాల్లో తేలింది. కాబట్టి మందు మొదలుపెట్టిన తర్వాత కంగారు కనబడినంత మాత్రాన తప్పు మందుదేనని తేల్చడం కుదరదు. అలాగని “నీ మనసే బాగాలేదు” అని రోగి మాటను తోసిపుచ్చడం కూడా సరికాదు.

చరిత్ర

అటోపిక్ డెర్మటైటిస్ అన్న పేరును 1933లో అమెరికా చర్మవైద్యులు ఫ్రెడ్ వైజ్, మారియన్ సుల్జ్‌బర్గర్ ప్రతిపాదించారు. అప్పటికి చికిత్స అంటే తారు పూతలు, జింకు లేపనాలే. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్ళవాతం రోగికి తొలిసారి కార్టిసోన్ ఇచ్చింది. ఫలితం ఎంత గొప్పగా కనబడిందంటే హెంచ్, ఎడ్వర్డ్ కెండల్, టడియస్ రైఖ్‌స్టైన్‌లకు 1950లోనే నోబెల్ బహుమతి వచ్చింది. కొద్దికాలానికే మరో సంగతి బయటపడింది. మందు తీసుకున్నవారిలో కొందరు అకారణంగా ఉత్సాహంతో పొంగిపోయారు, కొందరికి నిద్ర కరువైంది, కొందరికి మతి చలించింది. 1950ల తొలి సంవత్సరాల్లోనే వైద్య పత్రికలు ఈ మానసిక మార్పులను నమోదు చేశాయి.

1952లో సుల్జ్‌బర్గర్, విక్టర్ విట్టెన్ హైడ్రోకార్టిసోన్‌ను పూతగా రాసి చర్మవ్యాధులు తగ్గించవచ్చని చూపారు. ఒళ్ళంతా పాకకుండా మందును చర్మానికే పరిమితం చేసే దారి అలా తెరుచుకుంది. దురదకు యాంటీహిస్టమిన్ల కథ అంతకుముందే మొదలైంది. డానియెల్ బోవే 1930ల చివర చేసిన పరిశోధనల నుంచి ఈ వర్గం పుట్టింది. ఆయనకు 1957లో నోబెల్ దక్కింది. 2000 తర్వాత టాక్రోలిమస్, పిమెక్రోలిమస్ పూతలు, 2017లో అమెరికా అనుమతి పొందిన డుపిలుమాబ్ సూది, ఆ తర్వాత జాక్ నిరోధక మాత్రలు వచ్చాయి. స్టెరాయిడ్ల మీద ఆధారపడటం తగ్గించడం ఈ కొత్త మందుల ప్రయోజనాల్లో ముఖ్యమైనది.

కార్టికోస్టెరాయిడ్ మాత్రలు, సూదులు

మన దగ్గర ఎగ్జిమా రోగులకు ఎక్కువగా తారసపడేవి ప్రెడ్నిసొలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్, డిఫ్లజాకోర్ట్, బీటామెథసోన్ మాత్రలు, డెక్సామెథసోన్ సూది. పల్లెల్లో దురద అనగానే ఆర్‌ఎంపీలు వేసే “అవిల్, డెక్సా” సూదుల జతలో రెండోది ఇదే.

పనిచేసే తీరు: అడ్రినల్ గ్రంథులు సహజంగా తయారుచేసే కార్టిసాల్ తెల్లవారే వేళకు రక్తంలో బాగా పెరిగి, అర్ధరాత్రికి కనిష్ఠ స్థాయికి దిగుతుంది. శరీరానికి మెలకువ, నిద్ర వేళలు తెలిపే సంకేతాల్లో ఇదొకటి. కృత్రిమ స్టెరాయిడ్లు ఈ లయను చెదరగొడతాయి. జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోక్యాంపస్, భయాన్ని గుర్తించే అమిగ్డాలా, నిర్ణయాలకూ నిగ్రహానికీ ఆధారమైన మెదడు ముందుభాగం - మూడింటిలోనూ స్టెరాయిడ్ గ్రాహకాలు దట్టంగా ఉంటాయి. మందు ఎక్కువైనప్పుడు నిద్ర, భావోద్వేగం, ఏకాగ్రత ఒకేసారి దెబ్బతినడానికి కారణం ఇదే.

మోతాదు: మనిషి శరీరంలో రోజూ తయారయ్యే కార్టిసాల్ సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానం. 60 కిలోల మనిషికి ఎగ్జిమా తిరగబెట్టినప్పుడు కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున ఇస్తే రోజుకు 30 మిల్లీగ్రాములవుతుంది. అంటే సహజమైనదానికి దాదాపు ఆరు రెట్లు. బీటామెథసోన్ మాత్ర మీద 0.5 మిల్లీగ్రాములని చూసి చిన్న మోతాదనుకుంటారు. కానీ ఆ అర మిల్లీగ్రాము ఇంచుమించు 4 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో సమానమైన పని చేస్తుంది.

మోతాదుకూ మానసిక లక్షణాలకూ ఉన్న సంబంధాన్ని 1972లో ప్రచురితమైన బోస్టన్ సహకార ఔషధ నిఘా కార్యక్రమం అధ్యయనం స్పష్టంగా చూపింది. ఆసుపత్రిలో చేరి ప్రెడ్నిసోన్ తీసుకుంటున్నవారిలో రోజుకు 40 మిల్లీగ్రాములు, అంతకన్నా తక్కువ వాడినప్పుడు తీవ్ర మానసిక లక్షణాలు 1.3 శాతం మందిలో, 41 నుంచి 80 వరకు వాడినప్పుడు 4.6 శాతంలో, 80 దాటితే 18.4 శాతంలో కనిపించాయి. ఇవి తీవ్రమైన లక్షణాల లెక్కలు. నిద్ర పట్టకపోవడం, చిరాకు, చిన్నపాటి కంగారు అంతకన్నా చాలా ఎక్కువమందికి వస్తాయి.

కాలక్రమం: లక్షణాలు చాలావరకు తొలి ఒకటి రెండు వారాల్లోనే బయటపడతాయి. కొందరికి మొదటి రాత్రే తెలుస్తుంది. సాయంత్రం భోజనం తర్వాత మాత్ర వేసుకున్న మనిషి పన్నెండైనా కళ్ళు మూయలేడు. వంట సామాను సర్దుతాడు, ఫోన్ తిప్పుతాడు, తెల్లవారుజామున కాస్త కునుకు పడుతుంది, పొద్దున ఇంట్లో వాళ్ళ మీద విసుక్కుంటాడు. దురద మాత్రం తగ్గి ఉంటుంది కాబట్టి మందును అనుమానించడు. అదే మాత్రను ఉదయం టిఫిన్ తర్వాత ఒకే మోతాదుగా మార్చితే చాలామందికి ఈ ఇబ్బంది బాగా తగ్గుతుంది. మోతాదు తగ్గించాక లక్షణాలు సాధారణంగా కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి.

సూదుల విషయంలో ఒక ప్రత్యేక చిక్కుంది. కండలోకి ఇచ్చే ట్రయామ్సినొలోన్ నిల్వ మందులా ఉండి వారాల తరబడి కొద్దికొద్దిగా రక్తంలో కలుస్తుంది. ఆందోళన మొదలైతే మాత్రలా దాన్ని తగ్గించడం సాధ్యం కాదు. గతంలో స్టెరాయిడ్‌తో కంగారుపడినవారికి ఈ సూది వేయించే ముందు ఆ సంగతి చెప్పడం అందుకే అవసరం.

ఆపినప్పుడు వచ్చే లక్షణాలు: మూడు వారాలకు మించి మాత్రలు వాడితే శరీరం సొంతంగా కార్టిసాల్ తయారుచేయడం తగ్గించుకుంటుంది. అప్పుడు మందును ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతి, ఒళ్ళునొప్పులు, రక్తపోటు పడిపోవడంతో పాటు ఆందోళన, కుంగుబాటు రావచ్చు. కంగారుకు భయపడి రోగి తనంతట తాను మాత్రలు మానేసినప్పుడు జరిగే ప్రమాదం, మందు వల్ల జరిగే ప్రమాదం కన్నా పెద్దది కావచ్చు. ఎగ్జిమాకు ఈ మాత్రలను మామూలుగా వాడవద్దని అమెరికా చర్మవైద్యుల అకాడమీ 2024 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. దుష్ఫలితాల ముప్పు, ఆపాక వ్యాధి తిరగబెట్టడం ఇందుకు కారణాలు.

పైపూత స్టెరాయిడ్లు

పూత నుంచి రక్తంలోకి చేరే మందు రాసిన చోటును బట్టి మారుతుంది. 1967లో పరిశోధకులు ఫెల్డ్‌మన్, మైబాక్ కొలిచిన ప్రకారం ముంజేయి లోపలివైపు చర్మం పీల్చుకునేదాన్ని ఒకటి అనుకుంటే, నుదుటి మీద అది 6 రెట్లు, దవడ కోణం దగ్గర 13 రెట్లు, వృషణాల తిత్తి మీద 42 రెట్లు. అరికాలిలో మాత్రం ఏడో వంతే. ముఖానికి, గజ్జలకు ఘాటైన పూత వద్దనడం వెనుక ఉన్న లెక్క ఇదే. శోథతో పగిలిన చర్మం మామూలు చర్మం కన్నా ఎక్కువ పీల్చుకుంటుంది. పూత మీద ప్లాస్టిక్ చుట్టినా, పసిబిడ్డకు బిగుతుగా డైపర్ వేసినా అంతే.

వైద్యుడు చెప్పిన కొలతలో కొద్దివారాలు వాడితే రక్తంలోకి చేరేది స్వల్పం. ఆ స్థాయిలో ఆందోళన కలగడం చాలా అరుదు. వేలికొన కొలత ఇక్కడ పనికొస్తుంది. చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి తీసిన పూత సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ళ రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. అతి బలమైన క్లోబెటసాల్‌ను వారానికి 50 గ్రాములకు మించకుండా, వరుసగా రెండు వారాలకు మించకుండా వాడాలన్నది నియమం. నెలల తరబడి దీన్ని మితిమీరి రాసుకునేవారిలో అడ్రినల్ గ్రంథుల పని మందగిస్తుంది. అప్పుడు మాత్రలకు చెప్పిన మానసిక లక్షణాలన్నీ పూతకూ వర్తిస్తాయి.

భారతదేశంలో ఈ సమస్యకు మరో రూపం ఉంది. మెడికల్ షాపులో తామర మందు అడిగితే చేతికొచ్చే చిన్న ట్యూబును వెనక్కి తిప్పి చదివితే చాలాసార్లు క్లోబెటసాల్ లేదా బీటామెథసోన్, ఒక యాంటీబయాటిక్, ఒక శిలీంధ్రనాశని, అన్నీ ఒకే ముద్దలో కనిపిస్తాయి. నిజమైన తామర ఉన్నవారికి దీంతో దురద రెండు రోజులు తగ్గి, జబ్బు మాత్రం మరింత విస్తరిస్తుంది. ముఖం తెల్లబడుతుందని ఇలాంటి పూతలు రాసుకునే అలవాటుతో వచ్చే స్థితిని చర్మవైద్యులు లాహిరి, కూండూ 2008లో “పైపూత స్టెరాయిడ్ దెబ్బతీసిన ముఖం” అన్న పేరుతో వర్ణించారు. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. వీటిని వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. ట్యూబు మీద ఎర్రగీత ఉంటే అర్థం అదే.

దీర్ఘకాలం రాసిన పూతను ఆపినప్పుడు చర్మం మండుతూ ఎర్రబడి, పొట్టు రాలే స్థితిని పైపూత స్టెరాయిడ్ ఉపసంహరణ అంటారు. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ఎంహెచ్‌ఆర్‌ఏ 2021లో దీని గురించి వైద్యులను హెచ్చరించింది. నిద్రలేమి, తీవ్రమైన ఆందోళన ఈ స్థితిలో తరచుగా కనిపిస్తాయి.

లేబుల్ లేని “మూలికా” పూతలు కూడా ఇక్కడ ప్రస్తావించదగినవే. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశీలనలో 11 చైనా మూలికా లేపనాలను పరీక్షిస్తే 8 లేపనాల్లో డెక్సామెథసోన్ బయటపడింది. ఏ ట్యూబూ వాడటం లేదనే రోగికి కూడా స్టెరాయిడ్ లక్షణాలు కనబడితే వైద్యుడు అడగాల్సిన ప్రశ్న, పొట్లం కట్టి ఇచ్చిన మందు ఏమైనా రాస్తున్నారా అన్నది.

స్టెరాయిడ్ భయం

పై విషయాలు చదివి పూత మానేయడం పొరపాటవుతుంది. బ్రిటన్‌లో 200 మంది ఎగ్జిమా రోగులపై 2000లో ప్రచురితమైన అధ్యయనంలో 72.5 శాతం మంది స్టెరాయిడ్ పూత గురించి భయపడుతున్నట్లు, 24 శాతం మంది ఆ భయంతో మందు సరిగా వాడనట్లు తేలింది. అదుపులో లేని ఎగ్జిమాతో వచ్చే నిద్రలేమి, ఆందోళన సరైన పూత వల్ల తగ్గుతాయి. మందు మీది భయమే కంగారుకు కారణమయ్యే సందర్భాలూ ఉన్నాయి. దుష్ఫలితం వస్తుందన్న నమ్మకంతోనే లక్షణం కలగడాన్ని నోసెబో ప్రభావం అంటారు.

యాంటీహిస్టమిన్లు

క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, ప్రొమెథజీన్, హైడ్రాక్సిజీన్ పాతతరం మందులు. మెదడును మెలకువగా ఉంచే హెచ్1 గ్రాహకాలను ఇవి అడ్డుకుంటాయి కాబట్టి మగత వస్తుంది. రాత్రి దురదకు వీటిని రాయడానికి కారణం చాలావరకు ఆ మగతే. ఎగ్జిమా దురద ప్రధానంగా హిస్టమిన్ వల్ల వచ్చేది కాదు. హైడ్రాక్సిజీన్ స్వయంగా ఆందోళన తగ్గించే మందుగా 1950ల నుంచి వాడుకలో ఉంది. ఎటరాక్స్ పేరుతో మన షాపుల్లో సుపరిచితం.

అయినా కొందరు పిల్లల్లో ఈ వర్గం పూర్తిగా ఎదురు తిరుగుతుంది. నిద్రపోతారని సిరప్ పోస్తే బిడ్డ మంచం మీద గెంతుతూ, ఏడుస్తూ, రాత్రంతా నిలవకుండా ఉంటాడు. తల్లిదండ్రులు మోతాదు చాలలేదనుకుని మరో చెంచా పోయడం ప్రమాదకరం. రెండేళ్ళలోపు పిల్లలకు ప్రొమెథజీన్ ఇవ్వకూడదు. వృద్ధుల్లో ఇవి మతిమరుపు, తికమక, కలవరం కలిగిస్తాయి. హైడ్రాక్సిజీన్ గుండె విద్యుత్ లయను మార్చగలదు కాబట్టి యూరప్ నియంత్రణ సంస్థ 2015లో పెద్దలకు రోజుకు 100, వృద్ధులకు 50 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితి పెట్టింది. ఈ మందు వాడేవారిలో గుండెదడ వస్తే ఆందోళనేనని సరిపెట్టుకోకుండా ఇసిజి తీయించాలి.

సెటిరిజీన్, లోరటడీన్, ఫెక్సోఫెనడీన్ వంటి కొత్తతరం మందులు మెదడులోకి తక్కువగా వెళతాయి. వీటితో కంగారు అరుదు. కానీ జలుబు మాత్రల్లో యాంటీహిస్టమిన్‌తో కలిపి ఉండే ఫెనైల్‌ఎఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ గుండెదడ, నిద్రలేమి తెస్తాయి. దురదకని ఇంట్లో ఉన్న జలుబు మాత్ర వేసుకున్నప్పుడు వచ్చే దడ వీటి పనే. నెలల తరబడి సెటిరిజీన్ వాడి ఆపితే అరుదుగా తీవ్రమైన దురద రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2025 మేలో హెచ్చరించింది.

ఇతర మందులు

సైక్లోస్పోరిన్ వల్ల చేతులు వణకడం సాధారణం, రక్తపోటు కూడా పెరుగుతుంది. ఈ వణుకు మందు నరాల మీద చూపే ప్రభావమే తప్ప మనసులోని భయం కాదు. ఉబ్బసం కూడా ఉన్న రోగులు వాడే మాంటెలుకాస్ట్‌పై ఆందోళన, పీడకలలు, ఆత్మహత్య ఆలోచనల గురించి ఎఫ్‌డీఏ 2020 మార్చిలో అత్యున్నత స్థాయి హెచ్చరిక చేర్చింది. అదే రోగులు పీల్చే సాల్బుటమాల్ కూడా వణుకు, దడ తెస్తుంది. చేతి ఎగ్జిమాకు యూరప్‌లో వాడే అలిట్రెటినాయిన్ కరపత్రంలో మానసిక మార్పుల హెచ్చరిక ఉంది. ఊపిరితిత్తుల జబ్బుకు మాత్రగా వాడే రోఫ్లుమిలాస్ట్‌కూ నిద్రలేమి, ఆందోళనల హెచ్చరిక ఉన్నా, 2024లో ఎగ్జిమాకు అనుమతి పొందిన దాని పూత నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. డుపిలుమాబ్ ప్రయోగాల్లో దురద తగ్గిన కొద్దీ ఆందోళన, కుంగుబాటు కొలతలు మెరుగుపడ్డాయి. దాని ప్రధాన ఇబ్బంది కళ్ళ కలక.

కారణ నిర్ధారణ

మందుకూ లక్షణానికీ ఉన్న సంబంధాన్ని తూచడానికి 1981లో వెలువడిన నరంజో కొలమానం, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఉప్సలా కేంద్రం వర్గీకరణ వాడతారు. నరంజో పద్ధతిలో పది ప్రశ్నలకు వచ్చే మార్కులు 1 నుంచి 4 అయితే సంబంధం “సాధ్యం”, 5 నుంచి 8 అయితే “సంభావ్యం”, 9 లేదా అంతకన్నా ఎక్కువైతే “నిశ్చితం”. అడిగేవాటిలో ముఖ్యమైనవి: మందు మొదలయ్యాకే లక్షణం వచ్చిందా, ఆపితే తగ్గిందా, మళ్ళీ ఇస్తే తిరిగి వచ్చిందా, వేరే కారణం ఏదైనా ఉందా. స్టెరాయిడ్ వంటి మందును ఒక్కసారిగా ఆపడం, పరీక్ష కోసం మళ్ళీ ఇవ్వడం ప్రమాదం కాబట్టి చాలా కేసుల్లో తీర్పు “సాధ్యం” లేదా “సంభావ్యం” దగ్గరే ఆగుతుంది.

వేరే కారణాల్లో థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తహీనత, చక్కెర హెచ్చుతగ్గులు, అతిగా టీ కాఫీలు, మద్యం మానడం ముఖ్యమైనవి. స్టెరాయిడ్ వాడేవారిలో రక్తంలో చక్కెర పెరుగుతుంది కనుక మధుమేహులకు ఆ పరీక్ష తప్పనిసరి. రోగి మందు వేసుకున్న వేళ, నిద్రపోయిన గంటలు, దురద తీవ్రత, కంగారు ఎప్పుడు వచ్చిందన్నది రెండు వారాలపాటు ఒక కాగితం మీద రాసుకొస్తే ఏ కొలమానం కన్నా అది వైద్యుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

నిర్వహణ

తొలిమెట్టు మోతాదు, వేళ సరిచేయడం. స్టెరాయిడ్ మాత్రను ఉదయానికి మార్చడం, వైద్యుడి పర్యవేక్షణలో అంచెలంచెలుగా తగ్గించడం, సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్, డుపిలుమాబ్ వంటి ప్రత్యామ్నాయాలకు మారడం ఇందులో భాగం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు; రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. రోజుకు రెండుసార్లు కొబ్బరినూనె లేదా వాసన లేని మాయిశ్చరైజర్ రాయడం వల్ల స్టెరాయిడ్ అవసరం తగ్గుతుంది. ఆందోళన తగ్గేందుకని నిద్రమాత్రలు సొంతంగా వేసుకోకూడదు. ఇంతకుముందు మానసిక అనారోగ్యం ఉన్నవారు స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందే ఆ సంగతి చెప్పాలి. ఇంట్లోవాళ్ళకూ తెలిపి ఉంచాలి, ఎందుకంటే మార్పును రోగి కన్నా ముందు వాళ్ళే గమనిస్తారు.

లేనివి కనబడటం, వినబడటం, రెండు మూడు రాత్రులు అసలు నిద్రలేకపోవడం, మితిమీరిన హుషారు, చనిపోవాలన్న ఆలోచన అత్యవసర లక్షణాలు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుబాటులో ఉంది.

దుష్ఫలితాల నివేదన

భారతదేశంలో మందుల దుష్ఫలితాల సేకరణకు 2010లో ఔషధ నిఘా కార్యక్రమం మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీని జాతీయ సమన్వయ కేంద్రం. వైద్యులే కాక రోగులు, వారి కుటుంబ సభ్యులు కూడా 1800-180-3024 ఉచిత నంబరుకు ఫోన్ చేసి లేదా వినియోగదారుల ఫారం నింపి సమాచారం ఇవ్వవచ్చు. మందే కారణమని రుజువు చూపాల్సిన పనిలేదు; అనుమానం చాలు. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, లక్షణం కనిపించిన తేదీ, పక్కన వాడుతున్న ఇతర మందులు రాస్తే, దుష్ఫలితానికీ మందుకూ ఉన్న సంబంధాన్ని నిపుణులు అంచనా వేస్తారు.